గబ్బిలాలకు కట్టిన ఇల్లు

అల్లుడుగారికి, మీ అత్త నిండు మనసుతో దీవించి రాస్తున్నాను.

నాలుగో తరగతితో ఆగిపోయిన చదువు నాది. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి. ఫోనులో చెబుదామంటే మీ గొంతు వినగానే అనుకున్నదంతా మరిచిపోతాను. అందుకని కాగితం తీశాను.

మీరు చేసి పంపిన గబ్బిలాల పెట్టె పదిలంగా అందింది. నేను ఊడ్చే బడిలో సైన్సు మాస్టారు చెప్పిన కొలతలు మక్కికి మక్కీ రాసి పంపాను గదా, వెంట్రుకవాసి తేడా లేకుండా చేశారు. బల్లపరుపుగా, అడుగున తెరిచి, లోపల బొటనవేలు దూరేంత సందు. ఇక ఆ నునుపు ఏం చెప్పను! లోపలా బయటా పాలిష్ పెట్టి నా ముఖం నాకే కనబడేలా చేశారు. పక్కింటి డ్రైవరుగారు, అదే, బస్సు నడిపి రిటైరైన ఆయన, పెరట్లో గుంజ పాతి, నిచ్చెనెక్కి రెండు నిలువుల ఎత్తున బిగించారు. బిగించినంతసేపూ నోరు ఊరుకోలేదు. "ఏం వదినా, గబ్బిలాలకి ఇల్లు కట్టించావు సరే, అద్దె ఎంత? అడ్వాన్సు తలకిందులుగా ఇస్తాయా?" అంటారు. వాళ్ల ఆవిడ కిటికీలోంచి, "మన కప్పు కారుతోందంటే నడుం నొప్పి అన్నారు, గబ్బిలాల ఇంటికి మాత్రం మేస్త్రీ అయిపోయారు!" అని ఎత్తిపొడుపు.

గబ్బిలాలు మూడో రోజే వచ్చేశాయండీ. ఒక్కో గబ్బిలం దోమల్ని లెక్కలేనన్ని తింటుందని మాస్టారు అన్నారు. నిజమే, సందె వేళ మెట్ల మీద కూర్చుంటే ఒక్కటీ కుట్టడం లేదు. అందుకే అడుగుతున్నాను. ఈసారి సెలవులకి నా మనవరాలిని, ఆ బుజ్జిముండని, నా దగ్గరికి పంపండి. నా కూతురు ఈ ఇంట్లో జ్వరంతో మంచం పట్టి, ఆస్పత్రికెళ్లి, తిరిగి రాలేదు. ఆ వారం మీరు పిల్లని ఎత్తుకుని గుమ్మం దిగారు. ఏడాదైంది, మళ్లీ ఎక్కలేదు. దోమల కొంప అని మీ భయం. నేను తప్పు పట్టను. ఇప్పుడు ఆ భయం లేదు గదా. పది రోజులు చాలు నాకు.

గుమ్మం వైపే చూస్తూ,
మీ అత్త

*

బాబూ, అల్లుడుగారూ,

పిల్ల బట్టలు సర్దుతున్నానని మీరు రాసిన ఉత్తరం నిన్న అందింది. రెండు నెలలుగా దాని కోసమే చూశాను. అది చేతిలో పట్టుకుని ఇల్లంతా తిరిగాను. పొద్దున లేచి ఇది రాస్తున్నాను. ఆ బట్టలు తీసి మళ్లీ బీరువాలో పెట్టెయ్యండి. పిల్లని పంపొద్దు.

మీకు అబద్ధం రాశాను. మూడో రోజు కాదు, ముప్పయ్యో రోజుకి కూడా ఒక్క గబ్బిలం రాలేదు. పిల్లని చూడాలన్న ఆశ నా చేత అలా రాయించింది. సైన్సు మాస్టారు వచ్చి పెట్టె దించి, లోపల వేలు పెట్టి, నవ్వు ఆపుకోలేకపోయారు. "అమ్మా, ఇది గబ్బిలాలకా, నగలు దాచుకోవడానికా? అవి గోళ్లతో పట్టుకుని వేలాడతాయి. ఈ నునుపు మీద జారి కింద పడతాయి. పైగా పాలిష్ వాసన!" అన్నారు. తప్పు నాది. కొలతలు రాశాను గానీ లోపల గరుకుగా ఉండాలన్న మాట రాయలేదు. మీరేమో చెయ్యి తిరిగిన పనివారు, గరుకు చెక్క మీ షాపు గుమ్మం దాటదు. మీరు అంత ముచ్చటగా పెట్టిన పాలిష్‌ని ఆకురాయితో గీకేశాను, ఉలితో అడ్డంగా గాట్లు పెట్టాను. గీకుతుంటే మీ చేతుల్నే గీకుతున్నట్టనిపించింది. క్షమించండి. వాసన పోయేదాకా ఎండలో ఉంచి మళ్లీ పైకెక్కించాక, కిందటి వారం నాలుగు వచ్చాయి. ఇది నిజం. డ్రైవరుగారు కూడా లెక్కపెట్టారు.

అయినా పంపొద్దంటున్నాను, ఎందుకో వినండి. మొన్న ఇంటింటికీ తిరిగే నర్సమ్మ వచ్చింది. గొప్పగా పెట్టె చూపించాను. "మంచిదే పెద్దమ్మా, సందె వేళ దోమలకి ఇది కాస్త పనికొస్తుంది. కానీ మీ అమ్మాయికి వచ్చిన జ్వరం పగలు కుట్టే దోమది. ఆ వేళకి నీ గబ్బిలాలు నిద్రపోతుంటాయి. అది నిలవ నీళ్లలో పుడుతుంది. నీళ్లు చూసుకోవాలి" అంది. బాబూ, ఏడాదిగా ఎవరికీ చెప్పని మాట మీకు చెబుతున్నాను. మా అమ్మాయి వచ్చినప్పుడు స్నానాల గది వెనక నీలం డ్రమ్ము నిండా నీళ్లున్నాయి. మూత పగిలి నెల దాటింది. కొత్తది తెద్దాం, తెద్దాం అనుకుంటూ బద్ధకించాను. అమ్మాయి పోయిన పదో రోజు డ్రమ్ములోకి వంగి చూస్తే నీళ్లలో పురుగులు కదులుతున్నాయి. కన్న కూతురి చావుని నా పెరట్లో నేనే పెంచాను. ఆ ఇంటికి మీరు పిల్లని పంపకపోవడమే సబబు. డ్రమ్ము అప్పుడే బోర్లించేశాను. నన్ను నేను ఎక్కడ బోర్లించుకోను?

ఇక అడగను. పిల్లకి నా ముద్దులు.

మీ అత్త

*

ఒరేయ్ నాయనా,

ఇన్నాళ్లూ మీరు, గారు అన్నాను. గరిటెతో వీపు మీద ఒకటి వేశాక ఇంకా గారు ఏమిటని మానేశాను. నొప్పి తగ్గిందా?

ఉత్తరం చదివిన నాడే మొదటి బస్సెక్కి, పిల్లని చంకనేసుకుని దిగావు. చెప్పులు కూడా విప్పకుండా నిలబడి, "అత్తయ్యా, మీ డ్రమ్ము కాదు" అన్నావు. నాకు అర్థం కాలేదు. "తను మీ దగ్గరికి వచ్చింది గురువారం. జ్వరం శుక్రవారం. దోమ కుట్టాక జ్వరం రావడానికి తక్కువలో తక్కువ నాలుగు రోజులు పడుతుందని డాక్టరు ఆ రోజే చెప్పాడు. ఇక్కడికి రాకముందే కుట్టింది. నా షాపు వెనక ఖాళీ పాలిష్ డబ్బాల్లో వాన నీళ్లు నిలిచేవి. మీ ముఖం చూడలేక రాలేదు. పెట్టె కావాలని మీరు రాస్తే, కనీసం అదైనా బాగా చెయ్యాలని నున్నగా చేశాను" అన్నావు.

నువ్వు భయంతోనో కోపంతోనో రావడం లేదని నేననుకున్నాను. సిగ్గుతో రాలేదా! వంటింట్లోకి వెళ్లి, ఏమీ పెట్టకుండానే పొయ్యి వెలిగించి నిలబడ్డాను. ఏడాదిపాటు అన్నం ముద్ద మింగుడు పడలేదు నాకు. ఒక్క మాట చెప్పి ఉంటే! అందుకే ఆ దెబ్బ. డబ్బాలకి కాదు, చెప్పనందుకు. నువ్వు వీపు తడుముకుంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చాక నా కోపం ఎటు పోయిందో పోయింది. ఒకే మనిషి కోసం ఇద్దరం చెరో మూలా కూర్చుని ఏడ్చాం. కలిసి ఏడ్చి ఉంటే కొంచెమైనా తేలికయ్యేది గదరా.

నిజంగా నీ డబ్బాలే అని మాత్రం ఎవరు చెప్పగలరు? దారిలో కుట్టిందో, సంతలో కుట్టిందో. దోమ ఇంటి నంబరు చూసి కుట్టదని నర్సమ్మ అంది. నా నెత్తిమీది బరువు దించావని దాన్ని నువ్వు ఎత్తుకోకు. దించెయ్యి.

నువ్వు నా దగ్గర వదిలి వెళ్లిన నీ కూతురు బాగుంది. రోజూ పొద్దున్నే ఇద్దరం పెరడంతా తిరిగి నీళ్లు నిలిచిన ప్రతిదీ బోర్లిస్తున్నాం. దానిది ఇన్‌స్పెక్టరు ఉద్యోగం, నాది కూలి పని. డ్రైవరుగారి చెంబు కూడా బోర్లించి వచ్చింది. "ఓసి, అవి నా తాగే నీళ్లే!" అని ఆయన ఒకటే గోల. సందె వేళ గబ్బిలాలు బయల్దేరుతుంటే "ఒకటి, రెండు, మూడు, బోలెడు" అని లెక్కపెడుతుంది. నిన్న అడిగింది, "అమ్మమ్మా, అమ్మని కుట్టిన దోమని గబ్బిలం తినేసిందా?" అని. అవునంటే సరిపోయేది. కానీ అబద్ధాలతో విసిగిపోయాను. "తెలీదమ్మా" అన్నాను. అది నా చెయ్యి తీసి తన మెడ చుట్టూ వేసుకుని పడుకుంది.

సెలవులైపోయేదాకా ఆగకు. షాపు వెనక డబ్బాలన్నీ ఖాళీ చేసి, నాలుగు రోజులు తలుపు మూసి, ఇక్కడికి వచ్చి పడుకో. నీకూ ఒక చెయ్యి ఉంది నా దగ్గర.

నీ
అత్తయ్య