దీవెన రూపాయి వాపసు విషయమై

నాగాయలంక

ఆపన్నహస్త నిధి సూపరింటెండెంటు శోభనాద్రి గారికి హరిచందన నమస్కారాలు.

నేను ట్రాన్స్ మహిళనండి. గాలివానకి మా పాక లేచిపోయింది. మా గురువు నాగూర్ బీకి డెబ్భై ఏళ్ళు. ఇద్దరం బడి వరండాలో ఉంటున్నాం. దసరా సెలవులు అవగానే బడి తెరుస్తారు. మమ్మల్ని చూసి ఎవరూ ఇల్లు అద్దెకివ్వరు. మీరు ట్రాన్స్‌జెండర్లకిచ్చే అత్యవసర సాయం పదివేలు ఇప్పిస్తే మళ్ళీ పాక వేసుకుంటాం.

ఇట్లు,
హరిచందన

తా.క.: మాకోసం పెట్టిన మీ వెబ్‌సైటులో ఆడ, మగ రెండే గళ్ళున్నాయి. అందుకే ఉత్తరం. దీవించిన రూపాయి బిళ్ళ జతచేశాను. బీరువాలో పెట్టుకోండి, కలిసొస్తుంది.

మచిలీపట్నం

శ్రీ/శ్రీమతి/ఇతరములు హరిచందన గారికి,

మీ రూపాయి కానుక కిందకి వస్తుంది. గుడివాడలో షాపు ఓపెనింగుకి మీవాళ్ళిచ్చే దీవెన రూపాయి విలువ 516 అని విచారణలో తేలింది. మా సిబ్బంది కానుక తీసుకుంటే వాపసివ్వాలి, లేదా దాని విలువ ఇచ్చినవారికి కట్టాలి. కావున వాపసు చేయడమైనది. అందినట్టు, విలువ ఒప్పుకున్నట్టు రాసివ్వండి.

భవదీయుడు,
శోభనాద్రి

తా.క.: దీవెన కూడా వాపసు తీసుకున్నట్టు స్పష్టంగా రాయాలి.

నాగాయలంక

అయ్యా,

రూపాయి అందింది. విలువ ఒప్పుకున్నాను. దీవెన వెనక్కి తీసుకోవడం మాలో ఎవరూ ఎరగరు, అయినా తీసుకున్నాను. "పెట్టిన చేత్తోనే లాక్కుంటావుటే!" అని నాగూర్ బీ నాతో మాటలు మానేసింది. ఇక సాయం పంపండి.

ఇట్లు,
హరిచందన

తా.క.: సెలవులు ఇంకా ఆరు రోజులే.

మచిలీపట్నం

హరిచందన గారికి,

విలువ మీరే ఒప్పుకున్నారు గనుక, రోజుకొక దీవెన చొప్పున మీ వార్షికాదాయం 1,88,340. పరిమితి దాటింది. అర్జీ తిరస్కరించడమైనది.

భవదీయుడు,
శోభనాద్రి

తా.క.: గాలివాన రోజు కూడా లెక్కలో ఉంది. ఆ రోజు మీరు సెలవు పెట్టినట్టు కాగితం లేదు.

నాగాయలంక

అయ్యా,

రోజుకో దీవెన గిట్టుబాటైతే వరండాలో ఎందుకుంటామండీ? ఏడుపొచ్చింది. ఏడ్చాక మీ మొదటి ఉత్తరం మళ్ళీ చదివాను. నిన్న బందరొచ్చి మీ గేటు దగ్గర నిలబడి, లోపలికెళ్ళిన మీ సిబ్బంది పందొమ్మిది మందినీ దీవించి తలో రూపాయి ఇచ్చాను. ఒక్కరూ వద్దనలేదు. మీ రూలు ప్రకారం వాపసైనా ఇప్పించండి, విలువైనా కట్టండి. ఎల్లుండే బడి తెరుస్తారు.

ఇట్లు,
హరిచందన

తా.క.: మీకివ్వలేదు. మీది వాపసైంది కదా.

మచిలీపట్నం

హరిచందన గారికి నమస్కారములు.

రూపాయిలు వాపసిమ్మని సర్క్యులర్ వేశాను. ఒక్కరూ ఇవ్వలేదు. క్యాషియరైతే బీరువా తాళంచెవి పోయిందన్నాడు. కావున తలకి 516 చొప్పున వసూలు చేసి, 9,804 రూపాయలు ఈ మనిషి చేత పంపుతున్నాను. అర్జీ తిరస్కరణలో మాత్రం మార్పు లేదు.

భవదీయుడు,
శోభనాద్రి

తా.క.: మా ఆవిడ దుర్గాంబకి సంగతి తెలిసిపోయింది. "ఇంటికొచ్చిన లక్ష్మిని స్పీడ్ పోస్టులో పంపేశారా!" అని నిన్నటి నుంచి వంట మానేసింది. అవనిగడ్డలో ఆవిడదే రెండు గదుల వాటా ఖాళీగా ఉంది. పాక పని తర్వాత చూసుకోవచ్చు, మీరిద్దరూ రేపే దిగండి. అద్దె నెలకి రూపాయి. అడ్వాన్సు మాత్రం ఈ మనిషి చేతికే ఇచ్చి పంపండి.