రాహుకాలంలో చూసిన కారు

ధర్మపురి, బుధవారం

అమ్మకు సుబ్బరాయన్ దండాలు. ఇక్కడ నేను బాగానే ఉన్నాను.

తమ్ముడు సీనప్ప మనసు పడ్డ ఆ పాత స్పోర్ట్స్ కారును రెండుసార్లు చూశాను. నువ్వు చెప్పినట్టే సోమవారం రాహుకాలం వదిలాక, తొమ్మిది దాటి వెళ్లాను. తాళం తిప్పగానే స్టార్టయింది. కానీ తిప్పకముందే బానెట్ మీద చెయ్యి వేసి చూశాను, వెచ్చగా ఉంది. మనవాళ్లు ఏ వేళకు వస్తారో బ్రోకరుకు తెలుసు. ముందే వేడి చేసి పెట్టాడు.

అందుకే మంగళవారం మూడున్నరకు, నడి రాహుకాలంలో వెళ్లాను. "ఈ పొద్దులో ఎవురన్నా బండి చూడను వస్తారా అప్పా?" అని బ్రోకరు బిత్తరపోయాడు. చల్లటి ఇంజన్ పదిసార్లు తిప్పితే గాని లేవలేదు, నీలం పొగ కక్కింది. అది పరవాలేదు, పిస్టన్ రింగులు మా మెకానిక్ షెడ్డులో నేనే మారుస్తాను. గేర్ల సంగతి తేల్చుకుందామని తొప్పూరు ఘాట్‌కు తీసుకెళ్లాను. దిగేటప్పుడు రెండో గేరు దానంతట అదే జారిపోయి బండి పరుగెత్తింది. కాలిబ్రేకు, చేతిబ్రేకు రెండూ పట్టి ఎలాగో ఆపాను. ఆ గేర్లకు సామాను ఇక్కడ దొరకదు. ఈ కారు మనకు వద్దు.

సీనప్ప చదివింది అరవ బడిలో, తెలుగు చదవడం రాదు, నువ్వే చదివి చెప్పు. అలిగితే అలగనీ, అన్నం మాత్రం మాననివ్వకు. నల్లావు ఈనిందా? రాగిపిండి అయిపోయింది, మల్లాపురం బస్సులో పంపు.

రాహుకాలంలో వెళ్లినందుకు కోపం పెట్టుకోకమ్మా. కారు ఆగింది నాన్న లారీ పడిన మలుపులోనే. దిగి, నాన్న పేరున మనం అక్కడ పాతిన రాయికి దండం పెట్టుకుని వచ్చాను.

నీ పెద్దకొడుకు
సుబ్బరాయన్