పద్నాలుగు వందల పది

ఇర్వింగ్, అమెరికా,
సోమవారం, మధ్యాహ్నం అన్నం వేళ.

అక్కకి,

నీ చెల్లెలు లావణ్య దండం పెట్టి రాస్తోంది. నువ్వు బాగున్నావా? అమ్మమ్మ మోకాలు ఎలా ఉంది? నేను పంపిన పట్టీ వేసుకుంటోందా, బీరువాలో దాచిందా? దాచే ఉంటుంది. తిట్టి వేయించు. ఇక్కడ అమ్మా నాన్నా నేనూ బాగున్నాం. నిజంగానే బాగున్నాం, కంగారుపడకు.

ఫోన్ చెయ్యకుండా కాగితం మీద ఎందుకు రాస్తున్నానంటే, ఫోన్‌లో నీ గొంతు వింటే మళ్లీ అబద్ధమే చెబుతాను. నాతోపాటు ఇక్కడి ఇండియన్ సరుకుల స్టోర్‌లో పనిచేసే రమాదేవిగారు ఎల్లుండి బయల్దేరి తెనాలి వస్తున్నారు. ఆవిడ చేతికి ఇస్తున్నాను. శుక్రవారానికల్లా నీకు అందుతుంది.

స్టోర్‌లో పని మామూలే. పొద్దున్నే కరివేపాకు రెమ్మలు ఏరి కవర్లలో పెట్టడం, ఆ తర్వాత బిల్లింగ్ కౌంటర్. ఇంత దూరం వచ్చినా మనవాళ్లు బెండకాయ చివర విరవకుండా కొనరు. అలా విరిచి వదిలేసినవన్నీ నేను ఇంటికి తెచ్చుకుంటాను. వారంలో నాలుగు రోజులు మాకు వేపుడే. చలి మొదలైంది. ఇక్కడ మంచు పెద్దగా పడదు గానీ, గాలి లేచిందంటే చెవులు తెగిపడతాయేమో అనిపిస్తుంది. లైబ్రరీకి నలభై నిమిషాల నడక. రోడ్డు పక్కన నడిచే మనిషిని కార్లలోవాళ్లు వింతగా చూస్తారు. చూడనీ. నాకేం ఫర్వాలేదు.

ఇక అసలు సంగతి. కాలేజీ అప్లికేషన్ అంతా నింపేశాను. వ్యాసం రాశాను, ఇంటర్ మార్కుల మెమో పెట్టాను. ఒక్క ప్రశ్న మిగిలింది. శాట్, అదే ఇక్కడి కాలేజీల ప్రవేశ పరీక్ష, దాని స్కోరు పంపుతావా, అవునా, కాదా? పంపకపోయినా తప్పులేదట. దానికి టెస్ట్ ఆప్షనల్ అని పేరు. పరీక్ష రాశాక మార్కులు చెప్పడం, మానడం నీ ఇష్టం అన్న మాట మనం ఎప్పుడైనా విన్నామా అక్కా? మన వీధిలో మన మార్కులు మనకంటే ముందు పక్కింటివాళ్లకు తెలుస్తాయి. గడువు ఆదివారం. పది రోజులుగా అవును నొక్కడం, మళ్లీ కాదు నొక్కడం, ఇదే నా బతుకు.

1600కి 1510 వచ్చినదానికి ఈ అనుమానమేమిటే అంటావు. నాకు 1510 రాలేదు అక్కా. 1410 వచ్చింది.

లెక్కల్లో 760, ఇంగ్లీషులో 650. లెక్కలు నువ్వు నేర్పినవి. ఇంగ్లీషు, లైబ్రరీ పుస్తకాలు ముందేసుకుని నాకు నేనే కుస్తీపట్టింది. ఆ రోజు నువ్వు ఫోన్‌లో "ఎంతే, ఎంతొచ్చిందే?" అన్నావు. నీ వెనక ట్యూషన్ పిల్లలు గోల. నోట్లోంచి వంద ఎక్కువ వచ్చేసింది. తర్వాత నెమ్మదిగా చెబుదాంలే అనుకున్నాను. మర్నాటికల్లా మీ ట్యూషన్ సెంటర్ నడిపే మాస్టారు ఫ్లెక్సీ కట్టించేశాడు! 'మా లెక్కల టీచర్ చెల్లెలు, అమెరికాలో 1510' అని, నా పాస్‌పోర్ట్ ఫోటోతో సహా. నువ్వు మురిసిపోతూ ఆ ఫ్లెక్సీ ఫోటో పంపావు. నేను దానికి ఎర్ర గుండె గుర్తు పెట్టాను. అంత సిగ్గుమాలిన పని నా జన్మలో చెయ్యలేదు.

నిన్న అత్తవాళ్లింట్లో భోజనం. మమ్మల్ని ఈ దేశానికి పిలిపించింది ఆవిడే కాబట్టి నాన్న ఆవిడ మాటకు ఎదురు చెప్పడు. నా అసలు స్కోరు తెలిసిన అత్త గోంగూర వడ్డిస్తూనే తీర్పు చెప్పేసింది.

"ఆప్షనల్ అంటే ఏమనుకున్నావే? బాగా వస్తే పంపమని, రాకపోతే నోరు మూసుకోమని. ఆ కాలేజీలో చేరేవాళ్లకి పదిహేను వందల పైమాటే. నీది పంపావనుకో, నీ పరువు నువ్వే పార్సిల్ చేసి పంపుకున్నట్టు."

"పంపకపోతే నాలో వాళ్లేం చూస్తారత్తా?"

"మా నిఖిల్ పంపలేదుగా! సీటు రాలేదూ?"

నిఖిల్ ఫోన్‌లోంచి తలెత్తి, ఇక్కడ పుట్టిన పిల్లల తెలుగులో, "పంపకు లావణ్యా. అది సేఫ్. నేను వయొలిన్ వీడియో పంపాను, వాళ్లకి నచ్చింది," అన్నాడు.

"నేనేం పంపనురా, బెండకాయలు తూచే వీడియోనా?"

నాన్న దగ్గాడు. అమ్మ నా కంచంలో ఇంకో గరిటెడు గోంగూర వేసింది, నోరు మూయమని.

నిఖిల్ చెడ్డవాడు కాదు. కానీ వాడికి వయొలిన్ ఉంది, వేసవి క్యాంపులున్నాయి, వాడి గురించి రెండు పేజీలు రాసే టీచర్లున్నారు. స్కోరు తీసేసినా వాడు మిగులుతాడు. నాలోంచి స్కోరు తీసేస్తే ఏం మిగులుతుంది? ఇష్టం నీదే అని చెప్పేవాళ్లను చూస్తే ఒళ్లు మండిపోతోంది. అన్నీ ఉన్నవాడికే ఇష్టాలు!

లైబ్రరీలో కూర్చుని నాలాంటివాళ్లకు అప్లికేషన్లలో సాయం చేసే పెద్దావిడ డోరతీకి నా కాగితాలన్నీ చూపించాను. "నీ ఇంటర్ కాలేజీ పేరు ఇక్కడి కాలేజీవాళ్లెప్పుడైనా విన్నారా?" అంది. లేదన్నాను. "ఈ మార్కుల కాగితం వాళ్లకు అర్థమవుతుందా?" అంది. "మీకు అయిందా?" అన్నాను. నవ్వింది. "అయితే వాళ్లు చదవగలిగింది నీ దగ్గర ఈ శాట్ స్కోరొక్కటే ఉంది. ఇది చాలకపోవచ్చు. నేను మాట ఇవ్వలేను," అంది. చాలకపోవచ్చు అని ముఖం మీద చెప్పింది ఆవిడొక్కతే.

తిరిగి నడుస్తుంటే నువ్వే గుర్తొచ్చావు. వీసా వచ్చేసరికి నీకు ఇరవై ఒకటి దాటిందని, వీసా లెక్కలో నువ్విక నాన్నకు పిల్లవి కాదని, మమ్మల్ని ముగ్గురినీ పంపి నిన్ను ఆపేశారు. నీ వయసు ఆప్షనల్ అని ఆ రోజు ఒక్కడూ అనలేదు.

అందుకే పంపుతాను అక్కా. ధైర్యం వచ్చి కాదు. ఈ సంఖ్య చూసి నా కాగితాలు పక్కన పడేస్తారేమో. కానీ సంఖ్య లేకపోతే వాళ్లు తెరిచి చూడటానికి కూడా ఏమీ లేదు. నాకు ఇంకో దారి తెలియదు.

స్కోరు కాగితం ఇందులో మడిచి పెట్టాను. కాలేజీకంటే ముందు నీకే పంపుతున్నాను. ఫ్లెక్సీ దించెయ్యమని మాస్టారికి చెప్పు. ఒప్పుకోకపోతే, ఆ అయిదు మీద నాలుగు అంటించమను. అలాగైతే నా ముఖం అక్కడే ఉండనీ.

అమ్మమ్మ కాళ్లకు నా తరఫున దండం పెట్టు. కుదిరితే కాస్త గోంగూర పచ్చడి రమాదేవిగారి తిరుగు ప్రయాణానికి అందించు, అత్త చేసింది పులుపే తప్ప రుచి లేదు. నన్ను ముందు తిట్టు. తిట్టడం అయ్యాక, ఆదివారం ఒక్కసారి నన్ను తలుచుకుని దీవించు.

వంద తగ్గిన నీ చెల్లెలు,
లావణ్య