జనం ఉన్న బీచ్

బుజ్జీ, పాలు కాచి మూత పెట్టాను, తాగి బయల్దేరు. గీజర్ కట్టెయ్యడం మర్చిపోకు. తాళంచెవి కింది వాటా ఆంటీకి ఇచ్చి, బస్టాండు ఎదురుగా ఉన్న పెద్ద బీచ్‌కి వచ్చెయ్. నేను ముందే వెళ్తున్నా. అక్కడ జనం ఎక్కువ, ఆలస్యమైతే గొడుగు కింద చోటు దొరకదు.

నిన్న కారులో అడిగావుగా, "అమ్మా, మనం ఎప్పుడూ ఎవరూ లేని బీచ్‌కే ఎందుకెళ్తాం?" అని. శుభ్రంగా ఉంటుందని బుకాయించాను. నువ్వు నీ కాలి మీది కాలిన మచ్చ వైపు ఓసారి చూసుకుని కిటికీ వైపు తిరిగావు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇన్నాళ్లూ ఇసుక బాగుందనీ, అలలు చిన్నవనీ ఏవేవో చెప్పి బీచ్‌లు ఎంచుకున్నాను గానీ, నేను చూసుకున్నది ఒక్కటే, నీ కాలు ఎవరి కంటా పడకూడదని. ఆ సిగ్గు నాది, నీది కాదు తల్లీ. ఎదురుగా చెప్పడానికి మొహం చెల్లక ఇలా రాస్తున్నా.

ఆ నీలం నిక్కరే వేసుకుని రా. చూసేవాళ్లు చూస్తారు.

నీళ్లలోంచి రాగానే నేను నీ కాళ్లకి చుట్టే ఆ పెద్ద తువ్వాలు కోసం వెతక్కు. పొద్దున్నే చింపి ఇల్లు తుడిచే గుడ్డలు చేశాను.