వడిసెల దించిన పూట

అక్కా,

ఈ మాటలు నిన్ను చేరవని తెలుసు. అయినా మన జొన్నచేను కంకి వేసిందంటే నీకు చెప్పకుండా ఉండలేను. నువ్వు లేని రెండో పంట ఇది.

కొత్త ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయిందని గిద్దలూరు బస్సు దిగినవాళ్ళంతా చెప్పుకుంటున్నారు. చిలకలకు మాత్రం ఆ సంగతి పట్టలేదు. తెల్లవారేసరికి మంచులోంచి పచ్చటి మబ్బులా వచ్చి చేనిమీద వాలాయి. నా కూతురు మంచె ఎక్కి, వడిసెలలో రాయి పెట్టి, తల చుట్టూ తిప్పి విసిరింది. ఒక్క క్షణం నువ్వే అనుకున్నాను. అదే నడుము ఒంపు, అదే గురి.

కాసేపటికి అది భుజం నొక్కుకోవడం చూశాను.

"ఇంక చాలు, దిగమ్మా. రేపు గూడా వడిసెల ముట్టుకోవద్దు," అన్నాను.

"గింజలన్నీ తినిపోతాయి గదమ్మా! ఇంగ కొంచెంసేపు విసరనీ," అన్నాడు నాయన. నీ గురి చూసి మురిసిపోయి, పంట కోసేదాకా నిన్ను మంచె దిగనివ్వని నాయనే.

"తిననీ నాయనా. కంకి మళ్ళేడు వస్తాది, చెయ్యి రాదు. అక్కను చూసినాం గదా."

నాయన మోకాళ్ళు పట్టుకుంటూ మంచె ఎక్కి, పాత రేకు డబ్బా అందుకుని కొట్టడం మొదలుపెట్టాడు. చిలకలు లేచి, తిరిగి, మళ్ళీ వాలాయి. ఆ చప్పుడు పొద్దెక్కేదాకా కలలోలా వినబడుతూనే ఉంది.

నీ కుడిచెయ్యి భుజం దాటి లేవక, చివరిదాకా నీ జడ నేనే అల్లాను. ఈ సాయంత్రం వాకిట్లో దువ్వెన పట్టుకుని కూర్చుని, నా కూతుర్ని పిలిచాను.

"నేనే ఏసుకుంటాలేమ్మా," అంటూ అది రెండు చేతులూ తల వెనక్కి ఎత్తింది.