అన్నకు పంపుతున్న మూడు ఆల్బమ్‌లు

మస్కట్,
శుక్రవారం మధ్యాహ్నం

ప్రభాకర్ అన్నకు,

నీ చెల్లె సుగుణ నమస్కారాలు. దేవుని దయవల్ల నేను బాగానే ఉన్నాను. నువ్వు, వదిన, పిల్లలు, అవ్వ అందరూ చల్లగా ఉన్నారని అనుకుంటున్నాను. అవ్వ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? ఎల్లారెడ్డిలో వానలు పడ్డాయా? నాట్లు అయ్యాయా?

ఫోన్ చేయవచ్చు కదా అంటావు. ఫోన్‌లో నేను అసలు మాట దాకా రాకముందే నువ్వు "అన్నం తిన్నవా?" అని దాటేస్తావు. అందుకే రాస్తున్నాను. ఇక్కడ పక్క ఇంట్లో పనిచేసే గాంధారి ఊరి లక్ష్మక్క సెలవు మీద వస్తోంది. ఈ ఉత్తరం, ఒక పెన్‌డ్రైవ్, చిన్న పొట్లం ఆమెతో పంపుతున్నాను.

నా గురించి బెంగ పెట్టుకోకండి. నేను చూసుకునే బెంజమిన్ సార్ మంచివాడు. గోవా మనిషి. వయసులో ఉన్నప్పుడు ఇక్కడి హోటళ్ళలో గిటార్ వాయించేవాడట. పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి వేళ్ళు వంగవు. పొద్దున కసరత్తు చేయిస్తాను, మందులిస్తాను, గంజి కాస్తాను. తిండికి లోటు లేదు గానీ జొన్నరొట్టె మీదికి మనసు పోతుంది. మొదటి నెల మాత్రం గోడలతో మాట్లాడినట్టే గడిచింది.

తర్వాత పాటలు మొదలయ్యాయి. ఎండ బాగా ముదిరాక సార్ పరదాలు దించమంటాడు. నీలం పరదాలు. గది అంతా చెరువు అడుగున ఉన్నట్టు అవుతుంది. అప్పుడు నేను ఒక రికార్డు పెడతాను. వాటి పేర్లు నాకు నోరు తిరగవు, అట్టలను బట్టి గుర్తు పెట్టుకున్నాను.

సార్ ఆ పాటలు ఎక్కించి ఇచ్చిన పెన్‌డ్రైవ్‌లో మొదటిది తెల్ల గుర్రం ఆల్బమ్. అది రాక్ సంగీతమే, కానీ నువ్వు తిట్టుకునే గోల కాదు. పల్లవి వచ్చేసరికి నలుగురు గొంతులు కలిపి పాడతారు, మాటలు తెలియకపోయినా గొంతు కలపాలనిపిస్తుంది. కిటికీలు తుడుస్తూ నేనూ పాడుతుంటాను. రెండోది వాన పడుతున్న రోడ్డు బొమ్మ ఉన్నది. దాన్ని బ్లూస్ అంటారని సార్ చెప్పాడు. గాయకుడు ఒక మాట అని ఆగుతాడు, గిటార్ బదులు చెబుతుంది. నాట్లేసేటప్పుడు అవ్వ ఒక చరణం అంటే ఆడవాళ్ళంతా అందుకుంటారే, అచ్చం అలాగే. మొదటిసారి విన్నప్పుడు కళ్ళు మూసుకుంటే కాళ్ళకు బురద చల్లగా తగిలినట్టయింది. సముద్రం పక్కన కూర్చుని మన మడిలోకి వెళ్ళి వచ్చాను అన్నా.

మూడోది నల్ల అట్ట, బొమ్మ లేదు. అందులో గిటార్ ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి దూకదు, జారుతుంది. ఎవరో నిద్రలో మూలిగినట్టు, మళ్ళీ అంతలోనే నవ్వినట్టు.

"ఇలా ఎలా వాయిస్తారు సార్?" అని అడిగాను.

ఆయన అలమారలోంచి గిటార్ తెప్పించి ఒళ్ళో పెట్టించుకున్నాడు. ఎడమ చేతి చిటికెన వేలికి చిన్న స్టీలు గొట్టం తొడుక్కున్నాడు. తీగలను నొక్కలేదు. గొట్టాన్ని వాటి మీద ఊరికే ఆనించి జరిపాడు. వేళ్ళు వంగని ఆ చేతి నుంచే పాట వచ్చింది.

నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. ఎందుకో నీకు చెప్పాలి.

ఆ రోజు నువ్వు కొట్టం ముందు గడ్డి కత్తిరించే మిషన్‌లో చొప్ప పెడుతున్నావు. నేను గడపలోంచి "అన్నా, వీసా అచ్చింది!" అని కేకేశాను. నువ్వు నవ్వుతూ నా వైపు తిరిగావు. చెయ్యి మాత్రం అక్కడే ఉంది.

కామారెడ్డి ఆసుపత్రిలో అందరికీ "చెయ్యి జారింది" అనే చెప్పావు. నేను ప్రయాణం మానుకుంటానంటే, కట్టు కట్టిన చేత్తోనే నా తల నిమిరి "ఏడుస్తవేందే? నువ్వన్న పోయి మంచిగ బతుకు" అన్నావు. ఎడమ చేతి రెండు వేళ్ళ కొసలు పోయాయి. ఆదివారం చర్చిలో నీ గిటార్ ఆగిపోయింది. నా కేక సంగతి నువ్వు ఎవరికీ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఆ మౌనం మోసుకుంటూనే విమానం ఎక్కాను. నన్ను క్షమించు అన్నా. ఈ ఉత్తరం అవ్వకు కూడా చదివి వినిపించు.

మొన్న అవ్వ ఫోన్‌లో అంది: "మీ అన్న గిటార్ కామారెడ్డి చర్చి పిల్లలకు ఇచ్చేస్తడట బిడ్డా. ఇంట్ల కండ్ల ముందు ఉంటె మనసు నిమ్మలంగ ఉంటలేదట."

మర్నాడు సార్‌కు అంతా చెప్పాను. నా ఫోన్‌లో ఉన్న నీ పాత క్రిస్మస్ పాట పెట్టమన్నాడు. రెండుసార్లు విన్నాడు. "ఈయన తొందరపడడు. ఎక్కడ ఆగాలో తెలిసినవాడు. అది వేళ్ళలో ఉండేది కాదు" అన్నాడు. తన గొట్టాల్లో ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. నీ చిటికెన వేలు బాగానే ఉంది కదా అని రెండుసార్లు అడిగి మరీ ఇచ్చాడు.

పొట్లంలో ఉన్నది అదే. తీగలు ఎలా బిగించాలో కాగితం మీద రాయించి పెట్టాను. ముందు మూడు ఆల్బమ్‌లూ విను, నల్ల అట్టది నాలుగైదుసార్లు విను. ఆ తర్వాత కూడా ఇచ్చేయాలనిపిస్తే ఇచ్చేయి, నేను ఏమీ అనను.

వదినకు, పాస్టర్ గారికి నా వందనాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. అవ్వ నా పేరు మీద ప్రార్థన చేస్తూనే ఉండాలి. నీ దీవెన కూడా నాకు కావాలి.

ఇంకొక్క మాట. మొదట్లో పిల్లి అరిచినట్టు వస్తుంది, సార్‌కూ అలాగే వచ్చిందట. బాగా వచ్చేదాకా ఆగకు. ఆ పిల్లి అరుపే రికార్డు చేసి పంపు. మధ్యాహ్నం పరదాలు దించి మేమిద్దరం వింటాం.

నీ చెల్లె,
సుగుణ