సామి మీద ఫిర్యాదు

వెస్ట్‌మీడ్, సిడ్నీ,
12 మార్చి 2000

శేషాచలం అంకుల్ గారికి,

మన మలేషియా టూర్ గైడు సామి మీద మీరు రాసిన ఫిర్యాదు అందింది. "తెలుగు వచ్చన్న సంగతి దాచి, ఐదు రోజులూ మన మాటలు దొంగచాటుగా విన్నాడు" అని రాశారు. సిడ్నీ నుంచి వెళ్ళినవాళ్ళందరూ సంతకాలు చేశారు, నాదొక్కటే మిగిలిందట. నేను చెయ్యను.

బ్యాడ్జి మీద 'సామి' అని చూసి అరవవాడని తేల్చేసింది మనమే. పూర్తి పేరు ఒక్కరమూ అడగలేదు. కంప్యూటర్లకి వైటూకే గండం గడిచిందన్న హుషారులో బస్సు నిండా అతని రంగు మీదా, నడక మీదా జోకులే. కామెరాన్ హైలాండ్స్ కొండలెక్కే మలుపుల్లో నాకు వాంతయితే, మోకాళ్ళ మీద కూర్చుని సీటు కింద తుడిచింది అతనే. అప్పుడు మీరు, "తుడవనీ అమ్మా, వీళ్ళ జాతికి అలవాటే" అన్నారు. అందరూ గొల్లున నవ్వారు. అతను తలెత్తకుండా తుడుస్తూనే ఉన్నాడు.

చివరి రోజు ఎయిర్‌పోర్టులో నా పెట్టె దించి, "ఒంట్లో ఎలాగుందమ్మా? మా తాతది బొబ్బిలండి. నా పేరు అప్పలసామి" అన్నాడు. మీరు "చీటింగ్!" అని అరిచారు.

ఈ కాగితం అతని ఉద్యోగం తీసేస్తుంది. వెనక్కి పంపుతున్నాను.

అతని కంపెనీకి నేను వేరే ఉత్తరం రాశాను. అందులో మీ పేరు లేదు. అతను నా వాంతి తుడుస్తున్నప్పుడు అన్న ఆ 'జాతి' మాటకి అందరికన్నా ముందు నవ్వింది నేనేనని రాసి, కింద సంతకం చేశాను.